స్తోత్రం చెప్పే నోటితోనే భయమూ చెప్పుకోవాలి

మస్కట్‌లోని ఘుబ్రాలో ఉండే తెలుగు క్రైస్తవులకు ఆరాధన దినం శుక్రవారం. ఒమన్‌లో ఆదివారం అందరూ పనికి పోవాల్సిన రోజు. ఘుబ్రా నుంచి ఘలాలోని చర్చి ఆవరణకు పెద్ద దూరం లేదు. సుల్తాన్ కాబూస్ కాలంలో క్రైస్తవుల ఆరాధనకు కేటాయించిన స్థలాల్లో అదొకటి, రువీలోది ఇంకొకటి. రకరకాల భాషలవాళ్లు వేళలు పంచుకుని అక్కడే కూడుకుంటారు. ఒక భాష పాట ముగిసీ ముగియకముందే పక్క హాల్లో ఇంకో భాష పాట ఎత్తుకుంటారు.

ఇలాంటి కూడికల్లో ప్రసంగం కన్నా సాక్ష్యాల వేళే నాకు ముఖ్యం. కోనసీమ నుంచి ఇంటిపనికి వచ్చిన ఒకామె ఒక శుక్రవారం లేచి నిలబడింది. కొంగు నిండా కప్పుకుని, మైకు వద్దని చేత్తోనే చెప్పింది. ‘‘అందరికీ వందనాలండి. ఈ నెల జీతం టైముకి పడిందండి, స్తోత్రం. మా పాపకి నర్సింగులో సీటొచ్చిందండి, స్తోత్రం. పాస్‌పోర్టు మేడం దగ్గరే ఉందండి, అడిగితే ఇవ్వట్లేదు. నా కోసం ప్రార్థన చెయ్యండి’’ అని కూర్చుంది. అరనిమిషం కూడా పట్టలేదు. రెండు మేళ్లు, ఒక భయం, అన్నీ ఒకే గొంతుతో చెప్పింది.

కృతజ్ఞత బలాన్నిస్తుందని నేను నమ్మేది ఈ తీరులోనే. భయానికి హద్దు ఉండదు. వీసా రెన్యూవల్ దగ్గర మొదలై, ఊళ్లో అప్పు, అమ్మ ఆరోగ్యం, పిల్ల పెళ్లి దాకా రాత్రికి రాత్రే పాకిపోతుంది. జీతం పడింది, సీటొచ్చింది అని జరిగిన మేలును పేరు పెట్టి చెప్పేసరికి ఆ భయానికి ఒక గట్టు పడుతుంది. అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ సంఘానికి చింతపడవద్దని రాసింది బంధకాల్లో ఉండగానే. ఆ మాటలోనే మనవి చేసుకోమన్నాడు, కృతజ్ఞత చెల్లించమన్నాడు. ఒకటి చేసి రెండోది మానమనలేదు.

ఘుబ్రాలో కుళాయి తిప్పినా స్తోత్రం చెప్పుకోవలసిందే. 1970ల నుంచీ ఆ తీరాన ఉప్పునీటిని మంచినీళ్లుగా మారుస్తున్నారు. 2007 జూన్‌లో గోను తుపాను వచ్చినప్పుడు మస్కట్‌లో చాలా ఇళ్లకు రోజుల తరబడి నీళ్లు రాలేదు. ఆ రోజులు చూసినవాళ్లు గ్లాసెడు నీళ్లను తేలిగ్గా తీసుకోరు.

అయితే కృతజ్ఞత పేరు చెప్పి నోరు నొక్కేవాళ్లూ మన మధ్య ఉన్నారు. మూడు నెలలుగా జీతం లేదని ఒకామె ఏడిస్తే, ‘‘పనైనా ఉంది కదమ్మా, దేవునికి స్తోత్రం చెప్పు, సణగకు’’ అంటారు. నాకు ఇది వింటే కోపం వస్తుంది. కీర్తనల గ్రంథం నిండా మొర ఉంది, ఎంతకాలమని దేవుణ్ణే నిలదీసిన ప్రార్థనలున్నాయి. మొర పెట్టుకోవడం అవిశ్వాసం కాదు.

మన తెలుగు సంఘాల చరిత్రే చూడండి. 1854 జనవరి 1 తెల్లవారకముందే ఒంగోలు కొండ మీద అమెరికన్ మిషనరీలు జువెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు మోకరించారు. వాళ్ల మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరిగిన రోజులవి. రెండు దశాబ్దాలు దాటాక 1876-78 కరువు వచ్చింది. అదే ఒంగోలులో ఉన్న మిషనరీ జాన్ క్లౌ ప్రార్థనతో సరిపెట్టుకోలేదు. బకింగ్‌హాం కాలువలో కొంత మేర తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్న వేలమందికి కూలి దొరికేలా చేశారు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరూ చెప్పుకునేది ఆ అంకెనే. నా మట్టుకు నాకు ఆ కాలువ మట్టి తట్టలే ఎక్కువ విలువైనవి.

గల్ఫ్‌కు వచ్చే మన ఆడవాళ్ల కష్టం చాలావరకు ఊళ్లోనే మొదలవుతుంది. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమైన పాస్‌పోర్టు ఉండి 30 ఏళ్లు నిండని స్త్రీకి గల్ఫ్‌లో ఇంటిపనికి మన ప్రభుత్వం అనుమతి ఇవ్వదు. అందుకని ఏజెంటు విజిట్ వీసా చేతిలో పెట్టి విమానం ఎక్కిస్తాడు. దిగాక ఆమె ఎక్కడుందో ఏ రికార్డులోనూ సరిగా కనబడదు. అలాంటి మనిషికి శుక్రవారం కూడిక ఒక్కటే తన పేరు తెలిసిన చోటు. వారానికోసారి ఆమె వచ్చిందా లేదా అని చూసే కళ్లు అక్కడ ఉంటాయి. రెండు వారాలు రాకపోతే ఫోన్ చేసేవాళ్లుంటారు. విశ్వాసం బలం ఇస్తుందంటే నాకు కనబడేది ఇదే.

అందుకని కూడికలు నడిపే అయ్యగార్లకు, పెద్దలకు ఒక మనవి. ప్రార్థన విజ్ఞాపనలు రాసుకునే పుస్తకంలో ఇంకో గడి గీయండి. పాస్‌పోర్టు, జీతం, ఆసుపత్రి లాంటి విజ్ఞాపన వస్తే, అడిగిన మనిషికి తోడుగా వెళ్లేవాళ్ల పేరు ఆ గడిలో రాయండి. భారత రాయబార కార్యాలయం ఘుబ్రాకు దగ్గర్లోనే, అల్ ఖువైర్‌లో ఉంది. అరబ్బీ వచ్చినవాళ్లు, కారున్నవాళ్లు, ఆదివారం ఒక పూట సెలవు పెట్టగలిగినవాళ్లు ప్రతి సంఘంలో ఉన్నారు. వచ్చే శుక్రవారం సాక్ష్యాలు ముగియగానే ఆ పుస్తకం ముందుగా వాళ్ల చేతికివ్వండి.