రాధాకృష్ణన్ గారు ఒక్క గురువేనా?

సెప్టెంబరు 5 వచ్చిందంటే బళ్ళలో అదే ప్రసంగం. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు పేదింట పుట్టారు, కష్టపడి చదివారు, ప్రొఫెసరయ్యారు, రాష్ట్రపతి అయ్యారు, చప్పట్లు. ఆయన 1888లో పుట్టిన తిరుత్తణి మా ఆరణి ఉండే తిరువళ్ళూరు జిల్లాలోనే ఉంది, పైగా తెలుగింటి మనిషి. అందుకే నాకు కోపం. శాంతి కోసం ఆయన చేసిన పని ఒక్కరూ చెప్పరెందుకు?

1949లో నెహ్రూ ఆయన్ను సోవియట్ దేశానికి రాయబారిగా పంపారు. 1950 జనవరిలో స్టాలిన్‌ను కలిసినప్పుడు ఆయన అశోకుడి సంగతి ఎత్తారట. గెలిచాక కూడా యుద్ధం వదిలేసిన రాజు మా దేశంలో ఉన్నాడు, మీకూ అట్లా జరగొచ్చేమో అన్నారట. మేము హెడ్మాస్టరు గదిలోకి పోవాలంటేనే నలుగురం కలిసి పోతాం!

ఆ ఏడాదే జూన్ 25న కొరియా యుద్ధం మొదలైంది. కొత్త చైనాకు ఐక్యరాజ్య సమితిలో చోటివ్వలేదని సోవియట్ ప్రతినిధి అప్పటికే భద్రతా మండలికి రావడం మానేశాడు. చైనాకు చోటివ్వండి, సోవియట్ వాళ్ళు తిరిగి రండి, అందరూ కూర్చొని యుద్ధం ఆపండి అని మన దేశం అడిగింది. మాస్కోలో ఆ మాట నడిపింది రాధాకృష్ణన్ గారే. జూలైలో నెహ్రూ ఇద్దరికీ జాబులు రాశారు. స్టాలిన్ సరేనన్నాడు, అమెరికా కుదరదంది.

పని కాలేదు కదా, దాన్నెందుకు చెప్పాలి అంటారు. 1953లో యుద్ధం ఆగినాక, సొంత దేశానికి పోమన్న ఖైదీలను కాపలా కాయడానికి మన సైన్యాన్నే పిలిచారు, ఆ కమిషన్‌కు జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడు. రెండు పక్షాలతోనూ మాట్లాడుతూ వచ్చిన దేశం కాకపోతే పిలుస్తారా?

ఇంకొకరు, ఆయన రాష్ట్రపతిగా ఉన్నప్పుడే 1962లో చైనాతో, 1965లో పాకిస్తాన్‌తో యుద్ధాలు వచ్చాయి కదా అంటారు. శాంతి కోరేవాడు ఇంటిమీదికి వస్తే తలుపు తీసిపెట్టాలా? 1966లో శాస్త్రి గారు తాష్కెంట్‌లో ఒప్పందం చేసుకున్నప్పుడూ రాష్ట్రపతి ఈయనే.

జర్మనీ పుస్తక వ్యాపారుల సంఘం 1961లో ఆయనకు శాంతి బహుమతి ఇచ్చింది. అంత దూరంలో ఉన్నవాళ్ళకు కనపడింది, పక్క ఊరివాళ్ళం మనకు కనపడలేదు. ఈసారి వక్తృత్వ పోటీకి 'కొరియా యుద్ధం - రాధాకృష్ణన్' అని పెట్టి చూడండి. మొదటి పేరు నాది రాసుకోండి.