ట్యాంకర్ మీది నంబరు ఎవరి కోసం?

రాత్రి పూట పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం దిక్కు రోడ్డు మీద నిలబడి చూడండి. ట్యాంకర్ వెనక ట్యాంకర్. యాసిడ్లు, సాల్వెంట్లు మోసుకొచ్చే బండ్లవి. మందుల ఫ్యాక్టరీలకు అవి రాకుంటే పొద్దు గడవదు. ఇక్కడి గోళీలు దేశదేశాలకు పోతున్నాయని పాలకులు గొప్పలు చెప్పుకుంటారు. మంచిదే. మరి ఆ స్టీరింగ్ పట్టిన చేతులెవరివి? ట్యాంకులో దిగి కడిగే చేతులెవరివి?

మొన్న మా బడిలో పది చదివిన పిల్లగాడొకడు రాత్రి తొమ్మిదింటికి ఇంటికొచ్చిండు. మన వాడ పిల్లగాడే. క్లీనరుగా ట్యాంకరెక్కి ఇప్పుడు డ్రైవరయ్యిండు. జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీసి, "సారూ, నేనేం మోస్తున్ననో జర చదివి చెప్పుండ్రి" అన్నడు.

ఇంగ్లీషు కాగితం. ట్రెమ్ కార్డు అంటారు. సరుకు కారితే ఏం చెయ్యాలి, కంట్లో పడితే ఏం చెయ్యాలి, మంటలొస్తే నీళ్లు కొట్టొచ్చా లేదా, అన్నీ అందులోనే ఉంటాయి. ఏడాది నుంచి ఆ కాగితం క్యాబిన్‌లో పెట్టుకుని తిరుగుతున్నడు. ఆర్టీవో ఆపితే చూపిస్తడు. ఒక్కనాడూ చదవలేదు, చదవలేడు. మేం కూడా డిక్షనరీ ముందేసుకునే చదివినం. సిగ్గు మాకే అనిపించింది. పది దాకా చదువు చెప్పింది మేమే కదా!

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు ఏమంటున్నాయి? ప్రమాదకరమైన సరుకు నడిపే డ్రైవరుకు ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు కూడా చదవను రాయను రావాలి. మూడు రోజుల శిక్షణ సర్టిఫికెట్ ఉండాలి. సరుకు పంపేవాడు దాని గురించి పూర్తి సమాచారం ఇవ్వాలి. డ్రైవరుకు శిక్షణ అందేట్టు ఓనరు చూసుకోవాలి. రాత బాగానే ఉంది. కానీ ఇంగ్లీషు రానోనికి బండి తాళం ఎట్లిచ్చినవని ఓనర్ని అడిగినోడు లేడు. బండి బోల్తా పడ్డ తెల్లారి మాత్రం పేపర్లో ఒకటే మాట: డ్రైవర్ నిర్లక్ష్యం.

ఎవరిది నిర్లక్ష్యం? నిండుకుండ తొణకదని మన అవ్వలు ఊరికే అనలేదు. ట్యాంకు సగమే నిండితే లోపలి ద్రవం ఊగుతుంది. బ్రేకేస్తే ముందుకు తోస్తుంది, మలుపులో బండిని పక్కకు గుంజుతుంది. సల్ఫ్యూరిక్ యాసిడ్ నీళ్లకన్నా దాదాపు రెండింతల బరువు. పది వేల లీటర్లంటే 18 టన్నులు. అంత బరువు వీపున పెట్టుకుని ఎన్ని గంటలు నడుపుతున్నవని అడిగితే, "గంటలెక్కడివి సారూ, మాది ట్రిప్పు లెక్క" అన్నడు. బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసిన కాలంలోనే, 1946లో, ఫ్యాక్టరీ కార్మికులకు వారానికి 48 గంటల పని చట్టమైంది. 1961లో మోటారు కార్మికుల చట్టం కూడా రోజుకు 8 గంటలే అంది. ఆ 8 గంటలు మన పిల్లల దాకా ఇంకా రాలేదు.

ఇక కడిగే పని. ఒక సరుకు దించి ఇంకోటి నింపాలంటే ట్యాంకు కడగాలి. నడిపేటోళ్లలో అన్ని కులాలూ ఉన్నాయి. లోపల దిగేటోడు మాత్రం, మేం చూసినంతలో, మోరీలో దిగేటోని తమ్ముడే. టోలిన్ వంటి సాల్వెంట్ ఆవిరి గాలికన్నా బరువు, అడుగునే పేరుకుని ఉంటుంది. దిగినోడు కళ్లు తిరిగి పడిపోతాడు. వాణ్ని తీద్దామని ఇంకొకడు దిగుతాడు, వాడూ లేవడు. సల్ఫ్యూరిక్ యాసిడ్ మడ్డి మీద నీళ్లు పోస్తే ఉడికి చిమ్ముతుంది. పలచబడ్డ యాసిడ్ ఇనుమును తిని హైడ్రోజన్ పుట్టిస్తుంది. ఒక్క బీడీ చాలు.

మోరీలో, సెప్టిక్ ట్యాంకులో మనిషిని దించొద్దని 2013లో చట్టం వచ్చింది. మోరీలో చనిపోతే 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. పోరాడితే వచ్చినవి అవి. కానీ యాసిడ్ ట్యాంకులో చచ్చినోడు ఆ లెక్కలోకి రాడు. హాజరు పట్టీలో పేరు లేకపోతే అసలు ఏ లెక్కలోకీ రాడు.

అంత కష్టమైతే మానుకోవచ్చు కదా అంటారు కొందరు. మేం ఆ మాట అనం. దొర పొలంలో జీతమున్న తాత మనవడు ఇయ్యాల సొంతంగా లైసెన్సు సంపాదించి బండి నడుపుతున్నడు. ఆ పని వాడి గౌరవం. పని వద్దనడం లేదు, తెలియకుండా చావడం వద్దంటున్నాం.

చెయ్యాల్సింది మన చేతిలోనూ ఉంది. ట్యాంకర్ మీద నాలుగంకెల నంబరుంటుంది, మన బళ్లల్లో దాన్ని చదవడం నేర్పుదాం. 1830 సల్ఫ్యూరిక్ యాసిడ్, 1789 హైడ్రోక్లోరిక్ యాసిడ్, 1294 టోలిన్, 1230 మిథనాల్. మిథనాల్‌కు సారా వాసన ఉంటుంది, తాగితే కళ్లు పోతాయి, ప్రాణం పోతుంది. 2024 జూన్‌లో తమిళనాడు కళ్లకురిచిలో 60 మందికి పైగా చంపింది అదే. బండి బోల్తా పడితే బిందెలు పట్టుకుని ఉరకొద్దు. గాలి ఎటు నుంచి వస్తుందో ఆ దిక్కుకే, బండికి దూరంగా జరిగి, 112కు ఫోన్ చేసి ఆ నంబరు చెప్పండి. యాసిడ్ ఒంటి మీద పడితే ధారగా నీళ్లు పొయ్యండి.

సంఘాలు మూడు మాటలు గట్టిగా అడగాలి. కార్డు తెలుగులో ఉండాలి. ట్యాంకును బయటి నుంచే పంపుతో కడగాలి, మనిషి దిగొద్దు. క్లీనరు పేరు కూడా రిజిస్టరులో ఎక్కాలి.

ఆ రాత్రి నోటుబుక్కు కాగితం మీద కార్డు మొత్తం తెలుగులో రాసిచ్చినం. మూడో రోజుకు ఇంకో ముగ్గురు డ్రైవర్లు తమ కార్డులు పట్టుకొచ్చిన్రు. అందులో ఒకరు మన కులం కాదు. కూర్చోబెట్టి రాసిచ్చినం. చదువుకున్న మనోళ్లు ఊరికొకరు ఈ పనికి కూర్చుంటే చాలు. మీ వాడలో ట్యాంకరెక్కే పిల్లలెందరో ఈ ఆదివారమే లెక్క రాయండి.

జై భీమ్!