మార్చిలో తప్పినవాళ్ళు

మా చిన్నప్పుడు మార్చి, సెప్టెంబరు అనేవి నెలల పేర్లు కావు, మనుషుల యోగ్యతలు. ఫలానావారబ్బాయి మార్చిలో పాసయ్యాడంటే పెళ్ళిళ్ళ పేరయ్య చెవులు నిక్కబొడుచుకునేవాడు. సెప్టెంబరులో గట్టెక్కాడంటే "పోనీలెండి" అని నిట్టూర్చేవాడు. 1962లో నేను ఎస్.ఎస్.ఎల్.సి. మార్చిలో తప్పాను. లెక్కల్లో. పేపర్లో నా నంబరు కోసం మా నాన్నగారు కళ్ళజోడు తుడుచుకుని తుడుచుకుని వెతకటం ఇప్పటికీ నా కళ్ళకు కట్టినట్టే వుంది.

ఈ వారం నేను చెప్పబోయేది మాత్రం బాస్కెట్‌బాల్ సంగతి. లెక్కల పరీక్షకూ బంతాటకూ ఏమిటయ్యా సంబంధం అంటారేమో, కాస్త ఓపిక పట్టండి.

మా అమ్మాయి కాపరం అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని షార్లట్స్‌విల్ అనే ఊళ్ళో. 2016లో నేనూ మా ఆవిడా అక్కడికే వెళ్ళి వుండిపోయాం. ఊరికి ఊపిరి అక్కడి విశ్వవిద్యాలయం. 1819లో థామస్ జెఫర్‌సన్ స్థాపించినది. దాని బాస్కెట్‌బాల్ జట్టు ఆడేరోజున ఊరంతా నారింజరంగు చొక్కాలే. మా మనవడికి అప్పుడు పదమూడేళ్ళు. వాడికీ వొక చొక్కా వుండేది. వాడి పక్కన కూర్చుని చూసీ చూసీ నేనూ అభిమానినైపోయాను. ముసలితనంలో పట్టుకున్న జబ్బు, వదలలేదు.

అక్కడి కాలేజీల ఆట నవంబరులో మొదలవుతుంది. కొత్త సంవత్సరందాకా ఎక్కువగా బయటి జట్లతో, తరవాత తమ కూటమిలోని జట్లతో ఆడతారు. మార్చిలో అసలు పోటీ. అరవై ఎనిమిది జట్లు, ఒక్కసారి ఓడితే ఇంటికే. జట్లను నాలుగు భాగాలుగా చేసి, ఒక్కొక్క భాగంలో ఒకటి నుంచి పదహారుదాకా వరస కట్టి, మొదటివాణ్ణి పదహారోవాడితో ఆడిస్తారు. 1985లో పోటీని అరవై నాలుగు జట్లకు పెంచిన దగ్గరనుంచీ పురుషుల పోటీలో మొదటివాడికీ పదహారోవాడికీ 135 సార్లు ఆట జరిగితే, 135 సార్లూ మొదటివాడే గెలిచాడు.

136వ ఆట 2018 మార్చి 16న షార్లట్ నగరంలో జరిగింది. ఆ ఏడు ముప్ఫై ఒక్క ఆటలు గెలిచి రెండే ఓడిన మా వర్జీనియా మొదటివాడు. పదహారోవాడు బాల్టిమోర్ కౌంటీలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయం. సగం ఆటకు చెరి ఇరవై ఒకటి. మిగతా సగంలో ఏమయిందో మావాళ్ళకే తెలియలేదు. 74-54తో ఓడిపోయారు. చరిత్రలో ఎవరికీ పట్టని గతి మావాళ్ళకే పట్టింది.

మావాడు ఆ రాత్రి అన్నం తినలేదు. "ఎవరి పిల్లలో ఎక్కడో ఓడిపోతే వీడు పస్తుండటమేమిటండీ!" అని మా ఆవిడ కంచం పట్టుకుని వాడి గది బయట నిలబడింది. సోమవారం బడినుంచి మొహం వేలాడేసుకుని వచ్చాడు. ఏం జరిగిందో చెప్పలేదు, మేమూ అడగలేదు. చొక్కా మటుకు బీరువాలో అన్నిటికన్నా అడుగుకి వెళ్ళిపోయింది.

మళ్ళీ నవంబరు వచ్చింది. 2018 నవంబరు 6న తొలి ఆటలో టౌసన్ మీద 73-42తో గెలిచారు. నేను సోఫాలో కూర్చుని చప్పట్లు కొట్టాను. మావాడు బల్లదగ్గర నా వైపు వీపు పెట్టి హోంవర్కు చేసుకుంటున్నాడు.

"చూశావురా, ముప్ఫై ఒక్క పాయింట్ల తేడా!" అన్నాను.

వాడు తల తిప్పలేదు. "నవంబరులో గెలిచి ఏం లాభం తాతయ్యా? పోయినేడూ గెలిచారుగా" అన్నాడు.

నాకు జవాబు తోచలేదు. నిజమే మరి. పోయినేడూ గెలిచారు. పైగా ఈ తొలి ఆటల్లో కొన్ని ఎలాంటివంటే, పెద్ద విశ్వవిద్యాలయాలు చిన్నవాటికి డబ్బిచ్చి మరీ తమ ఊరికి పిలిపించుకుంటాయి. పది రోజులకు కాపిన్ స్టేట్ మీద 97-40తో గెలిచారు. అలాంటి గెలుపు మేనమామ పెట్టిన మౌఖిక పరీక్ష లాంటిది. దాన్ని పట్టుకుని ఊరేగితే నవ్విపోతారు.

అందుకని నేనొక పని చేశాను. మా అమ్మాయినడిగి ఒక నోటుపుస్తకం తెచ్చుకున్నాను. అందులో పాయింట్లు రాయలేదు. అవతలివాళ్ళు వరసగా మూడుసార్లు బుట్టలో వేసినప్పుడు మావాళ్ళు ఏం చేస్తున్నారో, అదొక్కటే రాశాను.

దానికి కారణం వుంది. అప్పటి కోచ్ టోనీ బెనెట్ నేర్పిన ఆట, ఆయన తండ్రి డిక్ బెనెట్ కనిపెట్టినది. ఒకడు మాత్రమే బంతి వున్నవాడి మీదికి వెళతాడు. మిగిలిన నలుగురూ బుట్టకు సుమారు పదహారడుగుల దూరంలో ఒక గీత వున్నట్టు ఊహించుకుని దాని లోపలే కాపు కాస్తారు. చెడుగుడులో కూతకొచ్చినవాణ్ణి లోపలికి రానివ్వకుండా చుట్టూ వల పన్నినట్టుంటుంది. ఇక బంతి తమ చేతికొస్తే తొందరపడరు. ముప్ఫై సెకన్లలోగా బుట్టకేసి వెయ్యాలని నియమం. ఇరవై అయిదు దాటేదాకా అటూ ఇటూ అందించుకుంటూనే వుంటారు. దీనివల్ల ముందంజలో వున్నంతకాలం వాళ్ళను కదిలించటం కష్టం. వెనకబడితే మాత్రం చిక్కే. నెమ్మదిగా ఆడేవాడికి అందుకునే అవకాశాలు తక్కువ. ఆ భయంతో కంగారుపడి తన ఆట తాను మరిచిపోతే ఇక అంతే. షార్లట్‌లో జరిగింది అదే.

నవంబరు 21, 22, 23 తేదీల్లో మూడు రోజులు మూడు ఆటలు. బహామా దీవుల్లో, ఒక పెద్ద హోటలు నాట్యశాలలో చెక్కలు పరిచి ఆడించారు! రెండో రోజు వాళ్ళకు థాంక్స్‌గివింగ్ పండగ. మా ఇంట్లో పులిహోర, బొబ్బట్లు. డేటన్‌తో ఆట 66-59 అయింది. మావాడు వంటింటి గుమ్మంలో నిలబడి చివరి అయిదు నిమిషాలూ చూశాడు. నీళ్ళు తాగటానికి వచ్చాడట. గ్లాసులో నీళ్ళు ఒక్క గుక్క తగ్గలేదు.

మూడోరోజు విస్కాన్‌సిన్ మీద 53-46. 2000లో ఇదే డిక్ బెనెట్ విస్కాన్‌సిన్ జట్టుని చివరి నాలుగింటిదాకా తీసుకువెళ్ళాడు. వాళ్ళూ నిదానస్తులే. ఇద్దరు పిసినారులు ఒకరితో ఒకరు బేరమాడినట్టుంది ఆట. మా అల్లుడు సోఫాలోనే నిద్రపోయాడు. నా పుస్తకంలో మాత్రం ఆరోజు, "అవతలివాడు వేశాడు. మనవాళ్ళు కంగారుపడలేదు" అని వుంది.

28న మేరీలాండ్‌లో, వాళ్ళ ఊళ్ళోనే, వాళ్ళ జనం కేకల మధ్య 76-71తో గెలిచారు. మావాడు సోఫా చేతిమీద కూర్చున్నాడు. కిహై క్లార్క్ అని ఆ ఏడే కొత్తగా చేరిన కుర్రాడున్నాడు, అయిదడుగుల తొమ్మిదంగుళాలవాడు. ఆ తాటిచెట్ల మధ్య వాణ్ణి చూస్తే నాకు ప్రాణం లేచి వచ్చేది. మణికట్టు విరిగి షార్లట్‌లో ఆడలేకపోయిన డియాండ్రె హంటర్ కూడా తిరిగొచ్చాడు. కైల్ గై అనే అతను, ఆ ఓటమి రాత్రి తాను కుంగిపోయి వంగి నిలబడిన ఫొటోనే ట్విట్టరులో తన బొమ్మగా పెట్టుకున్నాడు. అది విని మా ఆవిడ, "ఎందుకండీ పుండు గిల్లుకోవటం?" అంది. నాకు మటుకు అది పుండు గిల్లుకోవటంలాగా కనిపించలేదు.

మా పక్కింట్లో ఒక రిటైరయిన పెద్దమనిషి వుండేవాడు. డిసెంబరు 9న వి.సి.యు. జట్టు మీద 57-49తో చెమటోడ్చి గెలిచిన మర్నాడు, కంచె దగ్గర నిలబడి 1982 కథ చెప్పాడు. ఏడడుగుల నాలుగంగుళాల రాల్ఫ్ శాంప్‌సన్ వర్జీనియాకు ఆడే రోజులవి. దేశంలో మొదటి స్థానం. డిసెంబరు 23న హొనొలులూలో చామినాడ్ అనే అతి చిన్న కాలేజీ చేతిలో 77-72తో ఓడిపోయారు. ముప్ఫై ఆరేళ్ళు గడిచినా ఆయన నిన్న జరిగినట్టే చెప్పాడు. "మరి మీరు మానెయ్యలేదా?" అన్నాను. "నవంబరు వస్తూనే వుంటుంది కదండీ" అన్నాడాయన.

డిసెంబరు 31న మార్షల్ మీద 100-64. పన్నెండు ఆటలు, పన్నెండు గెలుపులు. ఆ రాత్రి మావాడు నా పుస్తకం తీసుకుని మొదటినుంచీ చదివాడు.

"అయితే ఇప్పుడు నమ్మొచ్చా తాతయ్యా?"

అవునందామనే నోటిదాకా వచ్చింది. కాని అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. అప్పుడు వాడికి నా 1962 సంగతి చెప్పాను. అంతదాకా మా ఇంట్లో ఎవరికీ, మా అమ్మాయికి కూడా, నేను తప్పినట్టు తెలియదు.

మార్చిలో తప్పాక నాన్నగారు నన్ను ఒక మాస్టారిదగ్గర ట్యూషన్‌కు పెట్టారు. జూలై, ఆగస్టుల్లో వారానికో పరీక్ష. డెబ్భై, ఎనభై మార్కులు వచ్చేవి. ఒకరోజు ఆ కాయితాలన్నీ తీసుకెళ్ళి నాన్నగారి ముందు పెట్టాను. ఆయన మార్కులు చూడలేదు. లోపల చూశారు. "మార్చిలో మూడో లెక్క రాకపోతే అక్కడే కూర్చుండిపోయావు, మిగతావి పోయాయి. ఇప్పుడు దాన్ని వదిలేసి నాలుగోదానికి వెళ్తున్నావు. సెప్టెంబరులో ఏమవుతుందో నాకు తెలియదు. ఇది మటుకు తెలుస్తోంది" అన్నారు. అంతకుమించి పొగడ్త ఆయన నోట నేనెన్నడూ వినలేదు.

"కాబట్టి ఒరే, నవంబరు గెలుపు మార్చికి హామీ కాదు. మార్చి భయాన్ని మార్చిలోనే తేల్చుకోవాలి. కాని మూడో లెక్క దగ్గర కూర్చుండిపోతున్నారా లేదా అన్నది నవంబరులోనే తెలుస్తుంది" అన్నాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "మీరు తప్పారా తాతయ్యా!" అని మాత్రం అన్నాడు. వాడికి అదే పెద్ద వార్త.

2019 మార్చి 22, శుక్రవారం. మళ్ళీ మొదటివాడు, మళ్ళీ పదహారోవాడు. ఈసారి గార్డ్‌నర్-వెబ్. ఆ ఉదయం మావాడు మెట్లు దిగివస్తుంటే చూశాను. నారింజరంగు చొక్కా వేసుకున్నాడు. కాస్త బిగుతైంది. గెలిచాక వేసుకోవటం ఎవరైనా చేస్తారు. వీడు ఆటకు ముందే వేసుకుని, పోయినేడు తలొంచుకుని తిరిగిన బడికే వెళ్ళాడు.

సగం ఆటకు ముందే మావాళ్ళు పద్నాలుగు పాయింట్లు వెనకబడ్డారు. ఇంట్లో మాట లేదు. మా ఆవిడ దేవుడి గదిలోకి వెళ్ళిపోయింది. నేను పుస్తకం పట్టుకున్నాను గాని చెయ్యి రాయనివ్వలేదు. మావాడు మెల్లిగా, "కంగారుపడటం లేదు తాతయ్యా" అన్నాడు. నిజంగానే పడలేదు. 71-56తో గట్టెక్కారు.

ఆ తరవాత వాళ్ళు ఏప్రిల్ 8న టెక్సాస్ టెక్‌ను అదనపు సమయంలో 85-77తో ఓడించి దేశంలోకెల్లా విజేతలైన సంగతి లోకమంతా ఎరిగినదే. మా ఇంట్లో పండగ మాత్రం మార్చి 22నే అయిపోయింది.

2024 అక్టోబరులో, సీజను మొదలవబోతుండగా బెనెట్ కోచ్ పని వదిలేశాడు. ఆ కుర్రాళ్ళంతా ఎప్పుడో వెళ్ళిపోయారు. ఈ రోజుల్లో ఆటగాళ్ళు ఏడాదికో కాలేజీ మారుతున్నారు. నవంబరు వచ్చేసరికి పేర్లు నేర్చుకోవటమే నాకు పెద్ద పనయింది. మావాడు కూడా చదువుకని వేరే ఊరు వెళ్ళాడు. అయినా తొలి ఆట రాత్రి ఫోను చేస్తాడు.

"ఎలా వున్నారు తాతయ్యా, మనవాళ్ళు?"

గెలిచారా అని అడగడు. అది వాడికి ముందే తెలుసు. నేను పుస్తకం తీసి చూసి చెబుతాను: "ఇంకా మూడో లెక్క దగ్గరే వున్నార్రా. చూద్దాం."