గుమ్మడికి ఫ్రిజ్ ఎందుకు?

సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేటప్పుడు మీ సామానులో కూడా ఓ గోనెసంచి ఉంటుందా? మాకైతే తప్పదు. పెరట్లో కాసిన బూడిద గుమ్మడి, చేమదుంపలు, కంద, చిలగడదుంపలు, వంకాయలు, టమాటాలు, ఇన్ని నిమ్మకాయలు... అమ్మ ఒక్కటీ మర్చిపోదు. హైదరాబాద్ చేరాక వాటినేం చేయాలో తెలియక అన్నీ ఫ్రిజ్‌లో కుక్కేసేదాన్ని. పట్టనివి కవర్లతో సహా వంటింటి మూలకి. పది రోజులు తిరిగేసరికి సగం చెత్తబుట్టలోకే!

"గుమ్మడికాయ ఏం చేశావే?" అని ఫోన్లో అడిగేది అమ్మ. "మజ్జిగ పులుసు పెట్టానమ్మా, ఎంత బాగుందో" అనేదాన్ని. రెండేళ్లు ఇలాగే నెట్టుకొచ్చాను.

మూడో ఏడు పండగైన పదిహేను రోజులకి తనే వచ్చింది. ఫ్రిజ్ తలుపు తీసి కాసేపు అలాగే నిలబడింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కుళ్లినవి ఏరి పారేసి, మిగిలినవి చాప మీద పరిచి, "ఇలా వచ్చి కూర్చో" అంది. ఆ పూట నేర్చుకున్నవే ఇవన్నీ.

బూడిద పోగొట్టొద్దు!

బూడిద గుమ్మడిని కడగకూడదు, తుడవకూడదు. పైనున్న ఆ తెల్లటి పొడే లోపలి తేమ పోకుండా కాపాడుతుంది. బాగా ముదిరి, తొడిమ ఊడని కాయని గాలి ఆడేచోట పీట మీదో, ఉట్టిలోనో పెడితే నెలల తరబడి చెక్కుచెదరదు. గాటు పడిన కాయ మాత్రం ఆగదు. దాన్ని ముందే కోసి వడియాలు పెట్టేయాలి.

దుంపలకు ఇసుక పరుపు

చేమ, కంద, చిలగడదుంపలకి మట్టి దులిపితే చాలు. దెబ్బ తగిలినవి ముందు వండుకోవాలి. మిగతావి రెండు మూడు రోజులు నీడన ఆరబెట్టి, పొడి ఇసుకలో ఉంచాలి. ఇవన్నీ వేడి నేలల పంటలు. ఫ్రిజ్‌లో ఉండేది దాదాపు 4 డిగ్రీలు. చిలగడదుంపకైతే 12, 13 డిగ్రీల కంటే తగ్గితే పడదు. అందుకే ఫ్రిజ్‌లో పెట్టిన చిలగడదుంప ఎంత ఉడికించినా లోపల గట్టిగానే ఉంటుంది. చలికాలంలో మన వంటింటి చల్లదనమే వాటికి చాలు.

టమాటాలూ అంతే. దోరవాటిని బుట్టలో ఒకే వరుసగా బయటే ఉంచాలి. బాగా పండినవే ఫ్రిజ్‌లోకి. పండే టమాటాలు, అరటిపళ్లు ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి. పక్కన కాకరకాయలుంటే పసుపెక్కిపోతాయి, ఆకుకూరలు వాడిపోతాయి. వీటిని దూరంగా పెట్టాలి. ఆకుకూరల్ని తడి లేకుండా కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో ఉంచి, మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి.

మిగిలితే ఒరుగులే

వంకాయలు ఎక్కువగా ఉంటే ముక్కలు కోసి, ఉప్పు పట్టించి ఎండబెట్టుకోవచ్చు. గోరుచిక్కుళ్లయితే ఉప్పు నీళ్లలో ఓ ఉడుకు రానివ్వాలి. శీతాకాలపు ఎండ మెత్తన కాబట్టి ఓపిక కావాలి. సాయంత్రం మంచు పడకముందే లోపలికి తెచ్చేయాలి. విరిస్తే పెళుక్కున విరగాలి, అప్పుడే డబ్బాకెత్తాలి. వానాకాలంలో కూరగాయల ధరలు మండిపోతుంటే ఈ ఒరుగులే వేపుడుకీ, పులుసుకీ ఆదుకుంటాయి. నిమ్మకాయలకేముంది... ఉప్పు, పసుపు, జాడీ!

అన్నట్టు, ఎంత జాగ్రత్తగా దాచినా వారానికోసారి చూసుకోవాల్సిందే. ఒక్కటి మెత్తబడినా పక్కవాటిని పాడుచేస్తుంది. "చూడకుండా వదిలేస్తే ఇంట్లో ఏదీ నిలవ ఉండదే" అంది అమ్మ. కూరగాయల గురించే అన్నదో, ఫోన్లో నేను చెప్పిన అబద్ధాల గురించో మరి!

ఆ మరుసటేడు ఉగాదికి అమ్మ నుంచి ఫోన్. మళ్లీ అదే ప్రశ్న.

"గుమ్మడికాయ ఏం చేశావే?"

"ఇంకా కొయ్యలేదమ్మా. మంచం కింద పీట మీద ఉంది."

అవతల కాసేపు మాట లేదు.

"సరే, వచ్చే ఏడు రెండు కాయలు పంపిస్తాలే" అంది.