తీర్పు ముందు, కథ వెనక

ఉగాదికో దీపావళికో కథల పోటీ ప్రకటన పడగానే ఒక కథ తయారవుతుంది. ఊళ్లో ముసలి తల్లి, అమెరికాలో కొడుకు. తల్లి ఫోన్ కోసం ఎదురుచూస్తుంది, కొడుక్కి తీరిక ఉండదు. ఒకరోజు తల్లి పోతుంది. కొడుకు డబ్బు పంపించి, దహనం వీడియోలో చూస్తాడు. పక్కింటి కుర్రాడు తలకొరివి పెడతాడు. చివరి పేరాలో డబ్బు గొప్పదా, మమత గొప్పదా అని రచయిత మనల్ని నిలదీస్తాడు. మన కళ్లు చెమరుస్తాయి. బహుమతి వచ్చినా రావచ్చు.

ఈ కథలో అచ్చుతప్పులు ఉండవు. వాక్యాలు కూడా సాఫీగానే నడుస్తాయి. వస్తువు పాతదే అయినా అది తప్పు కాదు, తల్లీకొడుకుల మీద ఇంకా వెయ్యి కథలు రాసుకోవచ్చు. నా అభ్యంతరం వేరు. కలం పట్టకముందే రచయిత కొడుక్కి శిక్ష వేసేశాడు. ఇక కథలో జరిగేదంతా విచారణ కాదు, తీర్పుకు సరిపడా సాక్ష్యం పోగెయ్యడం. కొత్తగా రాసేవాళ్లలో కనిపించే తప్పుల్లో చాలావాటికి మూలం ఇదేనని నా నమ్మకం.

ఆ కొడుకు సంగతే చూడండి. హెచ్-1బీ వీసా మీద ఉన్న మనిషి ఇండియా వస్తే, పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు దాటి ఉంటే, తిరిగి వెళ్లడానికి మళ్లీ స్టాంపింగ్ కావాలి. అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. ఆలస్యమైతే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఉద్యోగం పోతే అక్కడి ఇల్లు, పిల్లల చదువు అన్నీ గాల్లోనే. గ్రీన్‌కార్డు వరసలో ఏళ్ల తరబడి నిలబడ్డవాళ్లు మన ఊళ్లలో ఇంటికొకరు లేకపోయినా వీధికొకరు ఉన్నారు. తల్లి ఆస్పత్రిలో ఉందని కబురు వచ్చిన రాత్రి అతను టికెట్ల ధరలు చూశాడా, లాయరుకు ఫోన్ చేశాడా, భార్యతో ఏమన్నాడు? అసలు కథ అక్కడుంది. అది తెలుసుకుని రాసినా అతనిది తప్పేనని పాఠకుడు అనుకోవచ్చు. కానీ ఆ మాట అనేముందు కాసేపు తటపటాయిస్తాడు. ఆ తటపటాయింపు కోసమే కదా కథ రాసేది!

కథకుడు రావిశాస్త్రి వృత్తిరీత్యా లాయరు. విశాఖ కోర్టుల్లో సారా కేసులు, ఆ కేసుల్లో నలిగే మనుషులు ఆయనకు బాగా తెలుసు. ‘ఆరు సారా కథలు’లో అలాంటి మనుషులకు చట్టం ఇవ్వని అవకాశం ఆయన ఇచ్చాడు. వాళ్ల మాట వాళ్ల నోటితోనే వినిపించాడు. ఆయనకు పక్షం లేదని కాదు, గట్టిగానే ఉంది. అయినా ఎదుటివాణ్ణి నోరు నొక్కి గెలవలేదు.

తీర్పు ముందే రాసుకున్నవాడికి మాండలికం దగ్గర కూడా కాలు జారుతుంది. కథకుడు పత్రిక భాషలో మాట్లాడతాడు, డాక్టరు మాట్లాడతాడు, కలెక్టరు మాట్లాడతాడు. యాస వచ్చేది పనిమనిషికీ వాచ్‌మన్‌కీ మాత్రమే. సినిమాలు చాలాకాలం తెలంగాణ యాసను రౌడీకీ హాస్యగాడికీ అంటగట్టినట్టే ఇదీను. ఎవరు పై మెట్టు మీద ఉన్నారో కథ మొదలవకముందే నిర్ణయమైపోయింది. పాకాల యశోదారెడ్డి ‘మా వూరి ముచ్చట్లు’ చదవండి, నామిని సుబ్రహ్మణ్యం నాయుడి చిత్తూరు కథలు చదవండి. అక్కడ యాస పాత్రలకు తగిలించిన బిళ్ల కాదు, కథ చెప్పే గొంతే అది. అలా రాయడం చేతకాకపోతే అందరికీ మామూలు భాషే పెట్టడం మర్యాద.

ఇక ముగింపు. గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చింది. అంతకుముందే, 1902లో, భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ వచ్చింది కాబట్టి తొలి కథ ఏదన్న వాదన ఉండనే ఉంది, అది పక్కన పెడదాం. ‘దిద్దుబాటు’ సంఘసంస్కరణ కథ. బోగం మేళాలకు మరిగిన మొగుణ్ణి పెళ్లాం కమలిని దారిలో పెట్టడం దాని వస్తువు. ఉపన్యాసం దంచడానికి అంతకన్నా అనువైన వస్తువు ఉండదు. గురజాడేమో అర్ధరాత్రి తలుపు దగ్గర కథ ఎత్తుకుని, మంచం కింద దాక్కున్న కమలిని నవ్వుతో ముగించాడు. ఆ మొగుడు నిజంగా మారాడా, మళ్లీ వెళ్లడా? ఆయన చెప్పలేదు. వందేళ్లు దాటినా మనం ఇంకా దాని గురించి మాట్లాడుకుంటున్నాం.

నీతి చెప్పడం మన సంప్రదాయం కాదా, పంచతంత్రం నుంచీ ఉన్నదే కదా అని అడిగేవాళ్లున్నారు. నిజమే. కానీ పంచతంత్రంలో నక్క తన తెలివి తాను చూపిస్తుంది, మొసలి తన వాదన తాను వినిపిస్తుంది. నీతి వాటి నోళ్లు మూయించదు. మనం నీతిని ఉంచుకుని నక్కని తీసేశాం.

తప్పు రాసేవాళ్లది మాత్రమే కాదు. కథను తిప్పి పంపుతూ ఎందుకు పంపుతున్నామో రెండు ముక్కలు రాసే సంపాదకులు తగ్గిపోయారు. పోటీ నిబంధనల్లోనే ‘సందేశాత్మకంగా ఉండాలి’ అని అచ్చేస్తే, రచయిత సందేశం ముందు రాసుకోక ఏం చేస్తాడు? వాట్సాప్ గ్రూపులో పెట్టిన ప్రతి కథకీ చప్పట్ల బొమ్మలు పడుతుంటే, మళ్లీ రాయాలన్న బుద్ధి ఎందుకు పుడుతుంది?

కొత్తగా రాసేవాళ్లు చేయగల పనులు మూడున్నాయి. కథ పూర్తయ్యాక చివరి పేరాను చేత్తో మూసి చదవండి. కథ అర్థమైతే ఆ పేరా అనవసరం, అర్థం కాకపోతే లోపం పైనెక్కడో ఉంది. తరవాత, పాత్రల మాటలు పైకి చదవండి. అన్న తమ్ముడితో ‘మన నాన్నగారు రిటైర్డ్ హెడ్మాస్టరు కదా’ అంటే, అది తమ్ముడికి చెప్పింది కాదు, మనకు చెప్పింది. కొట్టేయండి. మూడోది కష్టమైనది. కథలో మీకు బొత్తిగా నచ్చని మనిషి ఎవరో చూసి, అదే కథను అతని వైపు నుంచి ఒక పేజీ రాయండి. అచ్చుకు పంపక్కర్లేదు. ఆ పేజీ రాయలేకపోతే అతని గురించి మీకింకా ఏమీ తెలియదు. వెళ్లి తెలుసుకుని రండి, పోటీ గడువు దాటిపోయినా సరే.