తల్లి యొడిలో ఆరంభమగు పరీక్ష

కోవిడ్ మహమ్మారి ప్రబలిన 2020, 2021 సంవత్సరములలో, ముక్కున పుల్ల పెట్టించుకొని ‘నెగిటివ్’ అను మాటకై దవాఖానా వాకిట వేచియుండని కుటుంబము జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో అరుదుగ నుండును. ఆ విపత్తు గతించినను, అప్పుడును పిదపను సమకూడిన సాధనసంపత్తి నిలిచియున్నది: 2021 జూన్ మాసమున రాష్ట్రప్రభుత్వము నెలకొల్పిన జిల్లా రోగనిర్ధారణ కేంద్రములలో జగిత్యాల, సిరిసిల్లలు చేరినవి, 2022లో జగిత్యాలయందును, 2023లో సిరిసిల్లయందును ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. అయినను శ్వాసకోశ వైరసుల పరీక్షావిషయమున మన దృష్టి యంత్రముపై నిలిచినంతగా, పసివాని ముక్కునుండి స్రావమును గ్రహించు చేతిపై నిలువలేదు. పరీక్షాఫలముయొక్క ప్రామాణ్యము సగము తల్లి యొడిలోనే నిర్ణయమగుచున్నదని నా అభిప్రాయము.

నాసికకును గొంతునకును నడుమ, లోతున నుండు ప్రదేశమునుండి స్రావము తీయుట పెద్దవారికే దుస్సహము. పుల్లను పైకి గాక అంగిటికి సమాంతరముగ, నాసారంధ్రమునుండి చెవి వరకు గల దూరమును కొలతగా గొని లోనికి పోనిచ్చి, కొన్ని క్షణములు నిలిపి, మెల్లగ త్రిప్పి తీయవలెను. రెండేండ్ల బిడ్డ తల విదలించుననెడి భయమున అంతలోతు పోనీయకయే తీసివేసి, దానిని లోతునుండి తీసిన స్రావముగ పంపినచో, రోగమున్నను లేదను ఫలితము రావచ్చును. అడ్డు తగిలినను బలముగ దూర్చినచో నెత్తురు వచ్చును. ఇండ్లలో వాడెడి దూదిపుల్ల ఇందులకు పనికిరాదు. నైలాను లేక పాలియెస్టరు కుచ్చుగల వంగెడి పుల్ల కావలెను. స్రావమును తగిన ద్రవమున నుంచి, 2–8 డిగ్రీల చల్లదనమున, 72 గంటలలోపల ప్రయోగశాలకు చేర్పవలెను. ఇన్నింటిలో ఏ యొక్కటి తప్పినను, ఎంత ఖరీదైన యంత్రమును ఆ తప్పును దిద్దజాలదు.

ఈ క్లేశమును తగ్గించు మార్గములు లేకపోలేదు. హైదరాబాదునందలి సీ.సీ.ఎం.బీ. పరిశోధనాసంస్థ శాస్త్రజ్ఞులు ద్రవమాధ్యమముతో పనిలేక పొడిపుల్లనే పంపు పద్ధతిని రూపొందింపగా, 2020 నవంబరులో కోవిడ్ పరీక్షకు భారత వైద్య పరిశోధన మండలి దానిని ఆమోదించినది. ముక్కు ముందుభాగమునుండి రెండు రంధ్రములలోను స్రావము గ్రహించు పద్ధతియు కలదు. లోతైన పద్ధతితో పోల్చిన దీని గ్రాహకశక్తి కొంత తక్కువయను ఆక్షేపణ సత్యమే. కాని చక్కగ తీసిన సులభస్రావము, బిడ్డతో పెనగులాడి అరకొరగ తీసిన లోతుస్రావముకంటె మేలని నేను తలంచెదను. ఆసుపత్రిలో చేర్చుకొన్న శిశువులకు మాత్రము శిక్షితులైన నర్సులు లోతైన పద్ధతిని పాటింపవచ్చును.

అసలు ఎవరికి పరీక్ష చేయవలెననునది అంతకంటె ముఖ్యమైన ప్రశ్న. 2025 జనవరిలో హెచ్.ఎం.పీ.వీ. అను శ్వాసకోశ వైరసు పేరు విని దేశమంతయు కలవరపడినది. ఆ వైరసును హాలెండు శాస్త్రజ్ఞులు 2001లోనే గుర్తించియుండిరి. కావున అట్టి కలవరముతో సర్దియైన ప్రతి బిడ్డకును పుల్ల పెట్టుట వ్యర్థము. ఎగశ్వాసతో డొక్కలెగురవేయుచు పాలు త్రాగలేని బిడ్డకు ముందు కావలసినది ప్రాణవాయువు. ఫలితము వచ్చువరకు చికిత్స నిలుపరాదు. ఫలితముచేత మందు మారునప్పుడు, అనవసరమైన యాంటీబయాటిక్ మానునప్పుడు, లేక వ్యాధివ్యాప్తిని గుర్తింపవలసినప్పుడు మాత్రమే పరీక్ష సార్థకము. ఏలయన ఇంట బీడీలు చుట్టు తల్లికిని, మరమగ్గముపై పనిచేయు తండ్రికిని దవాఖానాకు పోయిన దినము కూలి పోయిన దినము. భర్త గల్ఫునందున్నచో బిడ్డను మోసికొనిపోవు భారము తల్లి యొక్కతెదియే. అట్టివారిని పిలిచి స్రావము తీసికొని ఫలితము తెలుపకుండుట వారి శ్రమను అవమానించుటయే యగును.

కావున నర్సులకును, ప్రయోగశాలా సిబ్బందికిని బొమ్మపైనను, పిదప అనుభవజ్ఞుల సమక్షమునను అభ్యాసము చేయింపవలెను. బిడ్డను తల్లి యొడిలోనే కూర్చుండబెట్టి, ఆమె చేతులతోనే పొదివి పట్టించి, చేయబోవు పనిని ఆమె భాషలో ముందుగ చెప్పి సమ్మతి పొందవలెను. ఫలితమును, దానివలన చేయవలసిన పనిని, ఆశా కార్యకర్త ద్వారా ఇంటికే తెలుపవలెను. చాలని స్రావమని ప్రయోగశాల త్రిప్పిపంపిన నమూనాల లెక్కను ప్రతి మాసమును జిల్లా వైద్యాధికారి పరిశీలించినచో, శిక్షణ ఎచ్చట కొఱవడినదో తెలియగలదు. క్రొత్త యంత్రము కొనుటకు ముందు ఆ లెక్కనే అడుగుట న్యాయము.