ధ్రువపత్రం కోసం ఆగకూడని సాయం

నాలుగో తరగతి పిల్లవాడు 'పాలు' రాయమంటే 'వాలు' రాస్తాడు. తెలుగులో గుడి అక్షరం నెత్తిన ఉంటుంది, హిందీలో అదే గుర్తు అక్షరానికి ముందొస్తుంది. వాడు దాన్ని వెనక పెడతాడు. ఇంగ్లీషులో బీ, డీ తారుమారవుతాయి. నోటి లెక్కలు అడిగితే మాత్రం టకటకా చెబుతాడు. ఇది బద్ధకమా, మూడు లిపులు ఒకేసారి మీదపడిన తికమకా, లేక డిస్లెక్సియానా? అండమాన్‌లో తెలుగింటి పిల్లల విషయంలో ఈ ప్రశ్న ఎక్కడైనా తలెత్తవచ్చు. జవాబు దొరకడం మాత్రం ఆ పిల్లవాడు ఏ దీవిలో ఉన్నాడన్న దాన్ని బట్టి ఉంటుంది.

2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3.81 లక్షలు. అందులో 13 శాతం మందికి పైగా మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వెళ్లిన కుటుంబాలే ఎక్కువ. బెంగాలీ, హిందీ, తమిళం మాట్లాడేవారు అంతకంటే ఎక్కువ మంది. ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు, హిందీలతో పాటు బెంగాలీ, తమిళ, తెలుగు మాధ్యమాలూ ఉన్నాయి. పదో తరగతికి వచ్చేసరికి అందరికీ సీబీఎస్‌ఈ పరీక్షే. అదే జనగణన దీవుల్లో 6,660 మంది వికలాంగులను లెక్కించింది. కానీ చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో మాత్రమే ఇబ్బంది పడేవారికి ఆ పట్టికలో ప్రత్యేకంగా గడి లేదు. లెక్కలోకి రాని పిల్లలు బడ్జెట్‌లోకీ రారు.

చట్టం వైపు నుంచి చూస్తే లోటు లేదు. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న వికలాంగుల హక్కుల చట్టం (2016), గుర్తించిన వైకల్యాలను 7 నుంచి 21కి పెంచింది. డిస్లెక్సియా లాంటివి వచ్చే నిర్దిష్ట అభ్యసన వైకల్యం, ఆటిజం వాటిలో ఉన్నాయి. అభ్యసన వైకల్యాన్ని వీలైనంత తొందరగా గుర్తించేలా చూడాలని 16వ సెక్షన్ చెబుతుంది. బడి పిల్లలను అయిదేళ్లకోసారి సర్వే చేయాలని, పరీక్షలో అదనపు సమయం, స్క్రైబ్ (బదులు రాసే సహాయకుడు), రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు ఇవ్వాలని 17వ సెక్షన్ నిర్దేశిస్తుంది. ఈ బాధ్యతను ప్రభుత్వంతో పాటు స్థానిక సంస్థల మీదా పెట్టింది. శాసనసభ లేని ఈ కేంద్రపాలిత ప్రాంతంలో బడులు పాలనా యంత్రాంగం కింది విద్యాశాఖ చేతిలో ఉన్నాయి. పంచాయతీలకు, పురపాలక మండలికి ఎన్నికలు జరుగుతున్నా, వాటి పని రోడ్లు, కాలువలు, మంచినీళ్లనే ఆలోచన బలంగా ఉంది. ఓటు ద్వారా వచ్చిన ఈ సంస్థల్లో తెలుగువారి మాటకు విలువుంది. 2023లో పోర్టు బ్లెయిర్ పురపాలక మండలి ఛైర్‌పర్సన్ అయింది తెలుగుదేశం సభ్యురాలే.

అసలు చిక్కు వైకల్య ధ్రువపత్రం దగ్గర వస్తుంది. కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మూడో తరగతిలో గానీ ఎనిమిదేళ్ల వయసులో గానీ పిల్లలను పరిశీలించాలి. పిల్లల వైద్యుడు, సైకాలజిస్టు కలిసి తేల్చాలి. మళ్లీ 14, 18 ఏళ్లకు పరీక్షించాలి. తెలుగు రాష్ట్రాల జిల్లాల్లో ఈ పత్రాలిచ్చే సదరం క్యాంపు దగ్గరి పట్టణానికి వస్తుంది. దీవుల్లో పెద్దాసుపత్రి జి.బి. పంత్ కూడా, పునరావాస నిపుణులుండే ప్రాంతీయ కేంద్రం కూడా రాజధాని పోర్టు బ్లెయిర్‌లోనే ఉన్నాయి. ఈ రాజధానికే 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఆ నగరంలోని జంగ్లీఘాట్‌లో ఉండే తల్లికి అది ఆటో దూరం. ఉత్తరాన డిగ్లీపూర్ నుంచి వచ్చే తల్లి మాత్రం జారవా గిరిజనుల రక్షిత ప్రాంతం మధ్యగా, నిర్ణీత వేళల్లో వదిలే కాన్వాయ్‌లో, దాదాపు 300 కిలోమీటర్లు ప్రయాణించాలి. దక్షిణాన క్యాంప్‌బెల్ బే నుంచి 500 కిలోమీటర్లకు పైగా సముద్రం దాటాలి. ఒక్కసారితో తేలని పరీక్షకు ఎన్ని కూలిరోజులు పోతాయో వేరే చెప్పనక్కర్లేదు. మూడు గంటల పేపరుకు సీబీఎస్‌ఈ ఇచ్చే అదనపు గంట ఆ కాగితం మీదే ఆధారపడి ఉంది.

అంతదూరం వెళ్లాక పరీక్ష ఏ భాషలో జరుగుతుంది? మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో తెచ్చిన డిస్లెక్సియా పరీక్ష 'డాలీ' మొదట హిందీ, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషుల్లోనే వచ్చింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడిని హిందీలో పరీక్షిస్తే, వాడి చదువు ఇబ్బందితో పాటు హిందీతో వాడికున్న పరిచయాన్ని కూడా కొలిచినట్టే. పొరపాటు రెండు వైపులా జరుగుతుంది. భాష రాని పిల్లవాడికి వైకల్యం ముద్ర పడుతుంది. నిజంగా డిస్లెక్సియా ఉన్న పిల్లవాడిని 'ఇంట్లో హిందీ లేదు కదా, మెల్లగా అదే వస్తుంది' అని వదిలేస్తారు.

బ్రిటన్‌లోని వేల్స్ కూడా ఇలాంటి ప్రశ్ననే ఎదుర్కొంది. అక్కడ అదనపు అభ్యసన అవసరాలపై చేసిన 2018 చట్టం 2021 సెప్టెంబరు నుంచి దశలవారీగా అమల్లోకి వచ్చింది. పుట్టినప్పటి నుంచి 25 ఏళ్ల దాకా అవసరమున్న ప్రతి ఒక్కరికీ బడి గానీ స్థానిక సంస్థ గానీ వ్యక్తిగత ప్రణాళిక రాయాలి. ఆ సాయం వెల్ష్ భాషలో కావాలా అన్నది తేల్చడమూ బాధ్యతే. కాదంటే కుటుంబం ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. వేల్స్‌కున్న డబ్బు దీవులకు లేకపోవచ్చు. అయినా అవసరం కనబడగానే సాయం మొదలుపెట్టి, భాషనూ అందులో భాగం చేయడానికి డబ్బు కంటే నిర్ణయమే ముఖ్యం.

మన దగ్గరా అందుకు తావుంది. 40 శాతం వైకల్యం లేకున్నా అవసరముంటే స్క్రైబ్‌ను ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల్లో ప్రాథమిక స్థాయిలో 10 మందికి, ఆపైన 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలంది. 2025 మార్చిలో ఆ పోస్టులను నోటిఫై చేయాలని రాష్ట్రాలను, కేంద్రపాలిత ప్రాంతాలను ఆదేశించింది. బడికి అలాంటి పిల్లలు ఇద్దరో ముగ్గురో ఉండే చిన్న దీవిలో ఈ నిష్పత్తిని బడివారీగా వేస్తే ఒక్క పోస్టూ రాదు. నాలుగైదు బడులను కలిపి లెక్కగట్టి, తిరిగే ఉపాధ్యాయుడిని వేయాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇలాంటి పిల్లల కోసం మండలానికి భవిత కేంద్రం పెట్టి చేసింది దాదాపు ఇదే. తొలి వడపోతకు ఎన్‌సీఈఆర్‌టీ 2022లో తెచ్చిన 'ప్రశస్త్' అనే పరిశీలన పట్టిక ఉంది. దాన్ని నింపడానికి డాక్టరు అక్కర్లేదు, క్లాసు టీచరు చాలు.

పద్దెనిమిదేళ్లు దాటిన యువతకు మరో దశ ఉంది. ఉన్నత విద్యలో 5 శాతం రిజర్వేషన్, అయిదేళ్ల వయో సడలింపు వికలాంగుల హక్కుల చట్టంలోని 32వ సెక్షన్ ఇచ్చిన హక్కులు. కానీ ఎనిమిదో తరగతిలోనే బడి మానేసి వేటకో, హోటల్ పనికో వెళ్లిన కుర్రాడికి వాటితో పనేముంది?

అందుకే మొదటి పని 17వ సెక్షన్ చెప్పిన సర్వే. దాన్ని విద్యాశాఖ ఒక్కటే కాకుండా గ్రామ పంచాయతీలు, పురపాలక వార్డులు, నికోబార్‌లో గిరిజన మండళ్లు కలిసి ఊరివారీగా చేయాలి. ప్రతి పిల్లవాడి ఇంటి భాషను అందులో నమోదు చేయాలి. నిపుణుల బృందం ఏడాదికి రెండుసార్లు డిగ్లీపూర్‌కు, మాయాబందర్‌కు, క్యాంప్‌బెల్ బేకు వెళ్లాలి. ఆ బృందంలో పిల్లల ఇంటి భాషలు తెలిసిన టీచరు ఉండాలి. పత్రం చేతికొచ్చేదాకా క్లాసులో అదనపు సమయం ఇవ్వడానికి, నోటితో పరీక్ష పెట్టడానికి ప్రధానోపాధ్యాయుడికి అధికారం రాతపూర్వకంగా ఉండాలి. వార్డుల్లో, పంచాయతీల్లో ఓట్లడిగే తెలుగు ప్రతినిధులను ఈసారి రోడ్డుతో పాటు ఇదీ అడగాలి: మా వార్డులో సర్వే ఎప్పుడు?